జూడాస్ ప్రీస్ట్ ‘టర్బో’: సింథ్ నడిపిన పాటలే నిలబడ్డాయి

బ్రిటన్ హెవీ మెటల్ బ్యాండ్ జూడాస్ ప్రీస్ట్ 1986 ఏప్రిల్‌లో తెచ్చిన ఆల్బమ్ ‘టర్బో’ మీద మెటల్ అభిమానులు ఎప్పుడో తీర్పు చెప్పేశారు. అమెరికా రేడియో కోసం బ్యాండ్ సింథసైజర్లకీ (కరెంటుతో శబ్దం పుట్టించే వాయిద్యాలు, క్లుప్తంగా సింథ్) పాప్ బాణీలకీ తలొగ్గిందన్నారు. అందులో సగం నిజమే. అమెరికా రేడియో మీద కన్నుంది, బాణీలు ఒక్కసారికే నోటికి పట్టేలా కట్టారు. కానీ నేరమంతా సింథ్ మీద మోపడం దగ్గరే లెక్క తప్పింది. తొమ్మిది పాటలూ వరసగా విని చూడండి. సింథ్ చేతికి పగ్గాలిచ్చిన పాటలు బిగువుగా ఉన్నాయి. సింథ్‌ని పక్కకు నెట్టి మామూలు పార్టీ రాక్ మొదలెట్టిన చోట ఆల్బమ్ జారిపోయింది. దశాబ్దాలు గడిచినా కొత్త రిమాస్టర్లు, అంటే శబ్దం సరిదిద్దిన ప్రతులు, వస్తున్న ఈ ఆల్బమ్‌లో ఏది వినాలి, ఏ ఎడిషన్ కొనాలి, ఆ శబ్దం ఎలా పుట్టింది, ఇంట్లో దాన్ని రాబట్టాలంటే ఏం చేయాలి అన్నవే ఇక్కడ చూద్దాం.

ముందు నేపథ్యం, క్లుప్తంగా. రాబ్ హాల్ఫర్డ్ గాత్రం, గ్లెన్ టిప్టన్, కె.కె. డౌనింగ్ గిటార్లు, ఇయన్ హిల్ బేస్, డేవ్ హాలండ్ డ్రమ్స్. నిర్మాత టామ్ ఆలమ్, 1979 నుంచీ వీళ్ల రికార్డులకు ఆయనే. 1985లో బహామాస్ రాజధాని నసావ్‌లోని కంపాస్ పాయింట్ స్టూడియోలో రికార్డు చేసి, లాస్ ఏంజెలస్‌లోని రికార్డ్ ప్లాంట్‌లో మిక్స్ చేశారు. దీనికి ముందు ఆల్బమ్ 1984 నాటి ‘డిఫెండర్స్ ఆఫ్ ది ఫెయిత్’. పదునైన రిఫ్‌లు (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ వరసలు), చెవులు చిల్లులు పడే కేకలు, రాక్షస యంత్రాల కథలు. ఆ రుచికి అలవాటుపడ్డవాడికి ‘టర్బో’ మొదటి నిమిషం ఎంత ఇబ్బందిగా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు.

అసలు పథకం ఇది కాదు. రెండు డిస్కుల ఆల్బమ్ తీయాలనుకున్నారు, ‘ట్విన్ టర్బోస్’ అని పేరు కూడా అనుకున్నారు. రేడియోకి పనికొచ్చే పాటలు, బరువైన మెటల్ పాటలు రెండూ అందులోనే ఉండేవి. రికార్డు కంపెనీ ఒప్పుకోలేదు. పాప్ వైపు మొగ్గిన పాటలు ‘టర్బో’గా వచ్చాయి. బరువైనవాటిలో కొన్ని 1988 నాటి ‘రామ్ ఇట్ డౌన్’లో తేలాయి, ఆ ఆల్బమ్ టైటిల్ పాట, ‘హార్డ్ యాజ్ ఐరన్’ అలాంటివే. మిగిలినవి దశాబ్దంన్నర తర్వాత పాత ఆల్బమ్‌ల రిమాస్టర్లలో బోనస్ పాటలుగా ఒక్కొక్కటే బయటపడ్డాయి. అంటే ‘టర్బో’ని సగం విస్తరి అనుకోవాలి. కారం ఉన్న సగం రెండేళ్లు ఆలస్యంగా, వేరే పేరుతో వచ్చింది. రెండూ కలిసి వచ్చి ఉంటే ఇన్ని తిట్లు పడేవి కావేమో.

సమయం కూడా కలిసి రాలేదు. అదే 1986 మార్చిలో మెటాలికా ‘మాస్టర్ ఆఫ్ పప్పెట్స్’ వచ్చింది, అక్టోబరులో స్లేయర్ ‘రెయిన్ ఇన్ బ్లడ్’. మెటల్ అంటే వేగం, కరకుదనం అని కుర్రకారు నిర్ణయించుకుంటున్న ఏడాదిలో, ఆ వేగాన్ని మొదట నేర్పిన గురువుల్లో ఒకరు సింథ్ పట్టుకుని నిలబడ్డారు. మరో వైపు చూస్తే వాన్ హేలెన్ 1984లోనే కీబోర్డు పాటతో అమెరికా చార్టుల్లో మొదటి స్థానం కొట్టేసింది. యూరప్ బ్యాండ్ ‘ది ఫైనల్ కౌంట్‌డౌన్’, ఐరన్ మెయిడెన్ ‘సమ్‌వేర్ ఇన్ టైమ్’ కూడా 1986వే. మెయిడెన్ ఆల్బమ్‌లోనూ గిటార్ సింథ్ ఉంది. దాన్నెవరూ ఇంతగా ఆడిపోసుకోలేదు, ఎందుకంటే వాళ్లు పాటల నిర్మాణం మార్చలేదు, పైన పూత మాత్రం వేశారు. ప్రీస్ట్ పాట కట్టే పద్ధతినే మార్చింది.

గిటార్ సింథ్ అంటే

ఇక్కడ చాలామంది పొరబడతారు. ‘టర్బో’లో వినిపించే సింథ్ చాలావరకు కీబోర్డు ముందు కూర్చుని వాయించింది కాదు. టిప్టన్, డౌనింగ్ ఇద్దరూ గిటార్ సింథసైజర్లు వాడారు. రోలాండ్ కంపెనీ ఆ రోజుల్లో తెచ్చిన పద్ధతి ఇది. గిటార్ మీద తీగలు ఆనే బ్రిడ్జి పక్కన మామూలు పికప్‌తో (తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) పాటు ఇంకో సన్నటి పికప్ ఉంటుంది. ఆరు తీగల శబ్దాన్నీ అది విడివిడిగా పట్టుకుంటుంది. 24 పిన్నుల లావుపాటి కేబుల్ గుండా ఆ ఆరు సంకేతాలూ నేల మీద ఉండే పెట్టెలోకి వెళ్తాయి. పెట్టె ఒక్కో తీగ ఏ స్వరంలో మోగుతోందో లెక్కగట్టి, ఆ స్వరంలో సింథ్ శబ్దాన్ని పుట్టిస్తుంది. గిటార్ మామూలు శబ్దం ఇంకో దారిన ఆంప్లిఫయర్‌కి వెళ్తుంది. రెండూ కలిపి వినిపించవచ్చు, దేనికదే కూడా వినిపించవచ్చు.

చిక్కంతా ఆ లెక్కగట్టడంలో ఉంది. లావు తీగ, అంటే కింది ‘E’ స్వరం, సెకనుకు సుమారు 82 సార్లు కంపిస్తుంది. ఒక కంపనం పూర్తి కావడానికే 12 మిల్లీసెకన్లు. స్వరం ఏదో తేల్చుకోవడానికి పెట్టెకి కనీసం ఒకటి రెండు కంపనాలు కావాలి, పైన లెక్కకి ఇంకాస్త సమయం. అంటే మీటిన క్షణానికీ సింథ్ పలికిన క్షణానికీ మధ్య పాతిక మిల్లీసెకన్లు, ఇంకా ఎక్కువ కూడా తేడా వస్తుంది. సన్న తీగ సెకనుకు 330 సార్లు కంపిస్తుంది కాబట్టి అక్కడ ఆలస్యం తక్కువ. ఇక మెటల్‌కి ప్రాణమైన పామ్ మ్యూట్, అంటే అరచేతి అంచుని తీగల మీద ఆనించి నొక్కి కొట్టడం, ఈ పెట్టెకి అస్సలు పడదు. నొక్కిన తీగలో స్వరం స్పష్టంగా ఉండదు. పెట్టె తికమకపడి ఒక స్థాయి పైన పలుకుతుంది, లేదా మధ్యలో తెగిపోతుంది.

ఈ సంగతి తెలిసి వింటే ఆల్బమ్ కట్టుబడి మొత్తం అర్థమవుతుంది. వేగంగా తరిగే రిఫ్‌లు సింథ్‌కి పనికిరావు. సాగే స్వరాలు, తెరలా పరుచుకునే కార్డ్‌లు (ఒకేసారి మోగే స్వరాల గుంపులు), పైతీగల మీద నింపాదిగా మీటే వరసలు పనికొస్తాయి. అందుకే సింథ్ ముందుకొచ్చిన పాటలన్నీ మధ్యస్థ వేగంలోనో, నిదానంగానో నడుస్తాయి. వేగం ఉన్న పాటల్లో సింథ్ అంచుల్లోనే మెరుస్తుంది. నడుమ పనంతా మామూలు గిటారే చేస్తుంది.

పాట పాటకీ

‘టర్బో లవర్’ మొదటి పాట, 5 నిమిషాల 33 సెకన్లు. మొదట దూరం నుంచి ఏదో వాహనం దూసుకొచ్చినట్టు సింథ్ ఊపు, దాని కింద ఆగకుండా కొట్టుకునే ఎనిమిదో మాత్రల (ఒక్కో తాళం దెబ్బకి రెండేసి) బేస్ నాడి. ఆ నాడి పాట చివరిదాకా మారదు. కవిత్వమంతా మోటారుబండికీ ప్రేమకీ ముడిపెట్టిన ద్వంద్వార్థం. గొప్ప సాహిత్యం కాదు గానీ పాటకి అతికింది. దీనిలో అసలు విద్య హాల్ఫర్డ్ గొంతులో ఉంది. నాలుగు స్థాయిల గొంతున్న మనిషి చరణాన్ని మంద్రంలో, దాదాపు గుసగుసగా పాడతాడు. కేక పెడతాడేమోనని ఎదురుచూస్తూ ఉంటాం, పెట్టడు. పల్లవిలో పొరలు పొరలుగా గొంతులు చేరతాయి, వాటి అడుగున గిటార్ సింథ్ తెర లేస్తుంది. టిప్టన్ సోలో కూడా వేగం కోసం పాకులాడకుండా బాణీ చెబుతుంది. మొదట పెదవి విరిచిన అభిమానులే తర్వాతి దశాబ్దాల్లో కచేరీల్లో ఈ పాటకి గొంతు కలుపుతున్నారు.

‘లాక్డ్ ఇన్’ 4 నిమిషాల 19 సెకన్లు. పాత ప్రీస్ట్ కోరేవాళ్లకి ఎల్పీ రికార్డు మొదటి వైపు దొరికే మొదటి ఊరట. పరుగెత్తే రిఫ్, పైస్థాయి గొంతు, ఇద్దరి సోలోలు. సింథ్ ఇక్కడ అలంకారమే. ‘ప్రైవేట్ ప్రాపర్టీ’ నడక బరువుగా ఉంటుంది, పల్లవి నినాదంలా కట్టారు. చరణం బాగుంది. పల్లవి నాలుగోసారి వచ్చేసరికి ఇక చాలనిపిస్తుంది.

‘పేరెంటల్ గైడెన్స్’ వెనుక రాజకీయం ఉంది. 1985లో అమెరికాలో అప్పటి సెనేటర్ ఆల్ గోర్ భార్య టిప్పర్ గోర్ తదితరులు పెట్టిన పేరెంట్స్ మ్యూజిక్ రిసోర్స్ సెంటర్ అభ్యంతరకరమైన పాటలంటూ పదిహేనింటి జాబితా ప్రకటించింది. ‘డిఫెండర్స్’లోని ‘ఈట్ మీ అలైవ్’ అందులో ఉంది. ఆ ఏడాది సెప్టెంబరులో సెనేట్ కమిటీ ముందు విచారణ కూడా జరిగింది. దానికి జవాబు ఈ పాట. జవాబు కోపంగా లేదు, అదే తమాషా. వెలుతురు నిండిన మేజర్ స్కేల్ బాణీ, మూడున్నర నిమిషాల్లోపు ముగింపు, బళ్లో పిల్లలు బృందంగా పాడుకునేంత సులువైన పల్లవి. మెటల్‌గా చూస్తే తేలిక. పాప్ పాటగా చూస్తే మాత్రం ఆల్బమ్‌లో ఇంత పొందికగా కట్టింది మరొకటి లేదు. మనమింకా పసివాళ్లమా అని పెద్దల్ని నిలదీసే పాటని, ముప్పయ్యేళ్లు దాటిన మగాళ్లు పాడటం కాస్త ఎబ్బెట్టే, అయినా నోటికి పట్టేస్తుంది.

మొదటి వైపు చివరి పాట ‘రాక్ యు ఆల్ అరౌండ్ ది వరల్డ్’. స్టేడియంలో జనం చేత అరిపించడానికి రాసింది, స్టూడియోలో పస లేదు. దాటేయవచ్చు.

రెండో వైపు ‘అవుట్ ఇన్ ది కోల్డ్’తో మొదలవుతుంది. 6 నిమిషాల 27 సెకన్లు, ఆల్బమ్‌లో అన్నిటికంటే పొడవు, నా లెక్కలో అన్నిటికంటే మేలు. మొదట నిమిషానికి పైగా సింథ్ ఒక్కటే మేఘంలా కమ్ముకుంటుంది, తొందర లేదు. డ్రమ్స్ దిగాక కూడా నడక నిదానమే. ఇది విడిచిపోయినవాళ్ల కోసం వెక్కిపడే పాట. హాల్ఫర్డ్ చరణం నుంచి పల్లవికి వెళ్లేటప్పుడు గొంతుని మెట్టు మెట్టుగా ఎక్కిస్తాడు, చివరి పల్లవి దగ్గర మాత్రమే పూర్తిగా తెరుస్తాడు. మామూలు రెండు గిటార్లతో ఇదే పాట కట్టి ఉంటే మరో పవర్ బ్యాలడ్ (రాక్ బ్యాండ్లు పాడే నిదానమైన భావగీతం) అయ్యేది. సింథ్ ఇచ్చిన చలి, ఖాళీ వల్లే దీనికి ఆ పేరు సార్థకమైంది. 1986 పర్యటనలో కచేరీ ఈ పాటతోనే తెరలేచేది. మెటల్ బ్యాండ్ నిదానమైన పాటతో కచేరీ మొదలెట్టడం అప్పటికి సాహసమే.

తర్వాతి పాట ‘వైల్డ్ నైట్స్, హాట్ అండ్ క్రేజీ డేస్’. దీని గురించి రెండు వాక్యాలు చాలు. పేరులో ఎంత ఉందో పాటలోనూ అంతే ఉంది. రేసర్ ఎక్స్ బ్యాండ్ గాయకుడు జెఫ్ మార్టిన్ కోరస్‌లో గొంతు కలిపినా ఒరిగిందేమీ లేదు.

‘హాట్ ఫర్ లవ్’ పేరు చూసి తీసిపారేయకండి. సాహిత్యం అంతంతమాత్రమే. కానీ గిటార్, సింథ్ ఒకే రిఫ్‌ని కలిసి మోసే పాట ఆల్బమ్‌లో ఇదొక్కటే అనవచ్చు. గిటార్ కరకుదనం, సింథ్ నునుపు ఒకే స్వరంలో అతుక్కుని ఇనుము మీద రేకు తొడిగినట్టు మోగుతాయి. ‘టర్బో’ ప్రయోగం పూర్తిగా ఫలిస్తే మొత్తం ఆల్బమ్ ఇలా ఉండేది.

చివరిది ‘రెక్‌లెస్’. ‘టాప్ గన్’ సినిమా కోసం అడిగితే బ్యాండ్ ఇవ్వనన్న పాట ఇదే. ఆ సినిమా ఆడదనుకున్నామని వాళ్లే తర్వాత చెప్పుకున్నారు. సినిమా 1986 మే నెలలో విడుదలై ఏం చేసిందో చెప్పక్కర్లేదు. పాట మాత్రం గట్టిది. సోలో బాణీ పాటలో విడదీయలేనంతగా కలిసింది, చివరి పల్లవి దగ్గర హాల్ఫర్డ్ తన తారస్థాయిని మళ్లీ గుర్తుచేస్తాడు.

ఎక్కడ పాడైంది

డ్రమ్స్ దగ్గర. డేవ్ హాలండ్ సహజంగానే పొదుపుగా వాయించే మనిషి. దాని మీద 80ల నాటి గేటెడ్ రివర్బ్ గుమ్మరించారు. స్నేర్ (చురుగ్గా మోగే డ్రమ్) దెబ్బకి పెద్ద హాలు ప్రతిధ్వని తగిలించి, అది సహజంగా ఆరిపోకముందే కత్తితో కోసినట్టు ఆపేయడమే ఆ పద్ధతి. నిదానమైన పాటల్లో ఆ ఖాళీ అందంగానే ఉంటుంది. ‘అవుట్ ఇన్ ది కోల్డ్’లో ప్రతి దెబ్బకీ చోటుంది. వేగం పెరిగితే తేడా. ‘రాక్ యు ఆల్ అరౌండ్’ లాంటి చోట ఒక దెబ్బ తోక ఇంకా ఉండగానే ఇంకో దెబ్బ పడుతుంది. స్నేర్ అన్నిటి ముందుకొచ్చి గిటార్ల నడుం విరగ్గొడుతుంది. కాలితో కొట్టే కిక్ డ్రమ్‌లో పొట్ట లేదు, టకటకమంటుంది అంతే. ఇయన్ హిల్ బేస్ చాలా పాటల్లో సింథ్ నాడి కింద కలిసిపోయి విడిగా వినపడదు.

రెండో లోపం సాహిత్యం. ఈ బ్యాండ్ గూఢచారి ఉపగ్రహాల మీద, లోహ దేవతల మీద పాటలు కట్టింది. ఇక్కడ తొమ్మిదింటిలో సగానికి పైగా సరదా, సరసం, అల్లరి. బాణీలు పాప్ అయినంత మాత్రాన మాటలు కూడా పదహారేళ్లవాడి కోసం రాయాలని లేదు. ‘టర్బో లవర్’, ‘అవుట్ ఇన్ ది కోల్డ్’, ‘రెక్‌లెస్’ ఆ ఉచ్చులో పడలేదు. నిలబడ్డ పాటల్లో అవి మూడూ ఉండటం యాదృచ్ఛికం కాదు.

అమ్మకాల విషయంలో ఎవరికీ ఫిర్యాదు లేదు. అమెరికాలో బిల్‌బోర్డ్ 200 ఆల్బమ్ చార్టులో 17వ స్థానం, తర్వాత పది లక్షల కాపీలకిచ్చే ప్లాటినం గుర్తింపు. సొంత బ్రిటన్‌లో 33వ స్థానంతో సరి. ఎవరి కోసం చేశారో వాళ్లే కొన్నారు.

ఏ ఎడిషన్ కొనాలి

స్ట్రీమింగ్‌లో వెతికితే ముందుగా కనిపించేది తరచూ 2017 నాటి 30వ వార్షికోత్సవ ఎడిషనే. అందులో తొమ్మిది స్టూడియో పాటలు అయిపోగానే 1986 మే నెలలో కాన్సస్ సిటీలోని కెంపర్ అరీనాలో జరిగిన కచేరీ మొదలవుతుంది. ఆల్బమ్‌ని ఆల్బమ్‌గా అంచనా వేయాలనుకుంటే తొమ్మిదో పాట దగ్గర ఆపండి. సుమారు 41 నిమిషాలు. కచేరీని మర్నాటికి ఉంచుకోండి. సీడీగా కొంటే ఇది మూడు డిస్కుల సెట్టు. కచేరీ నిజంగా పనికొచ్చే అదనం. స్టూడియోలో పేలవంగా ఉన్న ‘ప్రైవేట్ ప్రాపర్టీ’, ‘రాక్ యు ఆల్ అరౌండ్’ వేదిక మీద కండపట్టాయి, డ్రమ్స్ మీద ఆ ప్రతిధ్వని పూత లేకపోవడమే కారణం. పైగా ఆ పర్యటనకి ముందే హాల్ఫర్డ్ మద్యం, మత్తుమందులు మానేశాడు, గొంతు నిక్కచ్చిగా ఉంది. 1987 నాటి ‘ప్రీస్ట్ లైవ్’ కూడా అదే పర్యటన రికార్డింగే. అయితే అందులో 1980కి ముందు పాట ఒక్కటీ లేదు. రెండిట్లో ఒకటే కొనేటట్టయితే కెంపర్ అరీనా సెట్టే మేలు.

2000ల మొదట్లో వచ్చిన ఒంటి డిస్కు రిమాస్టర్‌లో బోనస్‌గా ‘ఆల్ ఫైర్డ్ అప్’, కచేరీలో పాడిన ‘లాక్డ్ ఇన్’ ఉన్నాయి. దీంతో వచ్చిన ఇబ్బంది శబ్దం స్థాయి. ఆ కాలపు రిమాస్టర్లన్నిటిలాగే గట్టిగా మోగేలా కుదించారు. అసలే ముందుకొచ్చిన స్నేర్ ఇంకా మీదికొస్తుంది. ‘అవుట్ ఇన్ ది కోల్డ్’ మొదట్లో ఆ నిశ్శబ్దానికీ తర్వాత పడే డ్రమ్స్‌కీ ఉండాల్సిన తేడా తగ్గిపోతుంది. 80ల నాటి తొలి సీడీ పాత దుకాణంలో దొరికితే వదలకండి. పోల్చి చూసేటప్పుడు మాత్రం పాత సీడీకి వాల్యూమ్ పెంచి, రెండూ ఒకే స్థాయిలో ఉండేలా చూసుకోవాలి. లేకపోతే గట్టిగా మోగేదే బాగుందనిపిస్తుంది, చెవి అలా మోసపోతుంది.

ఎల్పీ ప్రియులకి ఒక మంచి మాట. రెండు వైపులా 20 నిమిషాల చుట్టుపక్కలే ఉన్నాయి. గాళ్లు ఇరుకవ్వవు, బేస్ కోయాల్సిన అవసరం రాదు. పాత కాపీ కొంటే రెండో వైపు మొదటి నిమిషం విని తీసుకోండి. సింథ్ ఒక్కటే మోగే చోటు కాబట్టి గీతల చిటపటలు దాక్కోవడానికి వీలుండదు, కాపీ బాగోగులు అక్కడే తేలిపోతాయి.

వినే పరికరం గురించి కూడా చెప్పాలి. గిటార్ల మీద, సింథ్ మీద స్టీరియో కోరస్ దట్టంగా ఉంది. కోరస్ అంటే అసలు శబ్దానికి కొద్దిపాటి ఆలస్యం, కొద్దిపాటి శృతి వంపు ఉన్న నకలు కలపడం. ఎడమ, కుడి వైపులు కలిసిపోయే చిన్న బ్లూటూత్ స్పీకర్‌లో ఆ నకళ్లు ఒకదాన్నొకటి కొంత రద్దు చేసుకుని గిటార్లు పలచబడతాయి. ‘టర్బో’ తేలిపోయిన ఆల్బమ్ అన్న అభిప్రాయం ఫోన్ స్పీకర్‌లో విని వస్తే అందులో ఆల్బమ్ తప్పు కొంతే. హెడ్‌ఫోన్స్ లేదా విడివిడిగా పెట్టిన రెండు స్పీకర్లు ఉండాలి. ఈక్వలైజర్ ఉంటే 80 నుంచి 100 హెర్ట్జ్ దగ్గర 2 డెసిబెల్స్ పెంచండి, 3 కిలోహెర్ట్జ్ చుట్టూ 2 తగ్గించండి. కిక్‌కి పొట్ట వస్తుంది, స్నేర్ ఒక అడుగు వెనక్కి వెళ్తుంది. అంతకంటే పెంచితే సింథ్ నాడి గుబగుబలాడుతుంది.

ఆ శబ్దం ఇంట్లో కావాలంటే

పాత గిటార్ సింథ్ కోసం వెతకొద్దు. 24 పిన్నుల కేబుళ్లు దొరకడం కష్టం, దొరికినా లోపలి తీగలు తెగి ఉంటాయి. మామూలు గిటార్, ఒక కోరస్ పెడల్, ఒక డిలే (ప్రతిధ్వని ఇచ్చే పెడల్), కంప్యూటర్‌లో ఏదో ఒక సాఫ్ట్‌వేర్ సింథ్ చాలు.

గిటార్ బ్రిడ్జి పికప్ మీద పెట్టండి. గిటార్ శబ్దాన్ని కరకుగా మార్చే డిస్టార్షన్‌లో గెయిన్, అంటే దాని మోతాదు, మామూలు మెటల్‌కి పెట్టేదానిలో మూడింట రెండొంతులకి దించండి. ఎక్కువమంది ఇక్కడే పాడుచేస్తారు. గెయిన్ నిండుగా పెట్టి దాని మీద కోరస్ వేస్తే కార్డ్‌లో ఏ స్వరమూ విడిగా వినపడదు, అంతా బురద. కోరస్ వేగం నిదానంగా, లోతు సగానికి తక్కువగా ఉంచి, డిస్టార్షన్ తర్వాతే పెట్టండి. ముందు పెడితే అలలు అలలుగా వణుకుతుంది. డిలే కోసం 30,000ని పాట వేగంతో (నిమిషానికి ఎన్ని దెబ్బలో ఆ సంఖ్యతో) భాగించండి. నిమిషానికి 100 దెబ్బలైతే 300 మిల్లీసెకన్లు, అదే ఎనిమిదో మాత్ర. ఒకటి రెండు ప్రతిధ్వనులు మాత్రమే, అదీ అసలు శబ్దం కంటే బాగా తక్కువ స్థాయిలో.

సింథ్‌కి రెండు సా (రంపపు పళ్ల ఆకారపు) తరంగాలు తీసుకుని ఒకదాన్ని శృతిలో 6, 7 సెంట్లు (అర్ధస్వరంలో నూరో వంతు ఒక సెంటు) పక్కకి జరపండి. పై స్వరాల మెరుపుని అదుపుచేసే ఫిల్టర్ మూసి ఉంచి, నొక్కిన తర్వాత అర సెకను పట్టి తెరుచుకునేలా పెట్టండి. తెర లేచినట్టుండే ఆ ఊపు దాన్నుంచే వస్తుంది. 150 హెర్ట్జ్ కింద సింథ్‌ని పూర్తిగా కోసేయండి. లేకపోతే బేస్ గిటార్‌తో కొట్లాడుతుంది, రెండూ వినపడవు. హిల్ బేస్‌కి జరిగింది మీ బేస్‌కీ జరుగుతుంది.

స్నేర్‌కి రెండు సెకన్ల రివర్బ్ పెట్టి, దాని తర్వాత గేట్ పెట్టండి. గేట్ తెరుచుకోవాల్సింది రివర్బ్ లేని అసలు స్నేర్ సంకేతంతో. రివర్బ్‌తోనే తెరిపిస్తే ఎప్పుడు మూసుకోవాలో దానికి తెలియదు, తోక ఊగుతూ ఉంటుంది. నిదానమైన పాటకి 300 మిల్లీసెకన్లు తెరిచి ఉంచవచ్చు. వేగం నిమిషానికి 140 దెబ్బలు దాటితే 150 మిల్లీసెకన్లకి దించండి, అసలు ఆల్బమ్‌లో చేయాల్సి ఉండి చేయని పని ఇదే అనిపిస్తుంది.

కొత్తగా వినేవాళ్లు తొమ్మిది పాటలూ ఒకేసారి వినక్కర్లేదు. ‘అవుట్ ఇన్ ది కోల్డ్’, ‘టర్బో లవర్’, ‘రెక్‌లెస్’, ‘హాట్ ఫర్ లవ్’ ఈ వరసలో వినండి. నచ్చితే ‘లాక్డ్ ఇన్’, ‘పేరెంటల్ గైడెన్స్’ కలుపుకోండి. వేగం, కేకలు కావలసినవాళ్లు ఇటు రాకుండా నేరుగా 1990 నాటి ‘పెయిన్‌కిల్లర్’కి వెళ్లడం మేలు. ఘోస్ట్ లాంటి ఈ కాలపు బ్యాండ్ల పాప్ పల్లవులు ఇష్టపడేవాళ్లకి మాత్రం ‘టర్బో’ ఒక్క పూటలో ఎక్కేస్తుంది. వాళ్లు కెంపర్ అరీనా సెట్టే కొనుక్కుని, మొదటి డిస్కు ఏడో పాట దగ్గర రిమోట్ చేతిలో ఉంచుకుంటే సరిపోతుంది.